గిజిగాడి తీగచుట్ట

అనగనగా పట్నం చెత్తకుప్పను ఆనుకుని ఒక అడవి ఉండేది. కాకుల పుణ్యమా అని అక్కడ దొరకని వస్తువు లేదు.

ఆ అడవి బడికి గురువు కావలసి వచ్చాడు. మృగరాజు చాటింపు వేయించాడు: "బ్యాటరీ, అయస్కాంతం, రాగితీగ, రెండు పిన్నీసులు ఇస్తాను. పిన్నీసులను బ్యాటరీ రెండు కొసలకు తగిలించి, తీగను చుట్టగా చుట్టి అయస్కాంతానికి పైగా వాటి మీద నిలపండి. ఒక్కసారి కదిపి వదిలేస్తే అది ఆగకుండా తిరగాలి. ఎందుకు తిరుగుతోందో చెప్పాలి. అలా చెప్పినవాడే గురువు!"

నక్క, గిజిగాడు తప్ప ఎవరూ ముందుకు రాలేదు. బుర్ర పెట్టే పనంటే అడవిలోనూ అంతే మరి! గిజిగాడికి మాత్రం ఆ పదవి ప్రాణం. బడిలో పిట్టల పిల్లలకు చోటు లేదు. ఎవరిని చేర్చుకోవాలన్నది గురువు ఇష్టం. తన పిల్లలు బయట కొమ్మ మీద కూర్చుని పాఠాలు వింటుంటే అతని కడుపు తరుక్కుపోయేది.

సభలో నక్క చుట్ట గిరగిరా తిరిగింది. గిజిగాడిది కదలనే లేదు. గూడు అల్లే ముక్కుతో ఎంత పొందికగా చుట్టాడో, పాపం! చూడగా చూడగా తీగ మీద సన్నని పూత కనిపించింది. "పూత అడ్డుంటే విద్యుత్తు ఎలా పారుతుంది?" అనుకుని రెండు కొసలనూ చుట్టూరా గీకేశాడు. ఈసారి చుట్ట కాస్త తిరిగి, వెనక్కి వచ్చి, ఊగిసలాడి ఆగిపోయింది.

నక్క అతని చెవిలో గుసగుసలాడింది: "పిచ్చి బావా, ఎందుకీ తంటాలు? నాలాగే వంగి మెల్లగా ఊదెయ్. ఎవడు చూడొచ్చాడు?"

పిల్లలు గుర్తొచ్చి గిజిగాడు ఒక్క క్షణం ముక్కు తెరిచాడు కూడా. కానీ రేపు ఏ మొహం పెట్టుకుని పాఠం చెప్పడం?

"ప్రభూ, నాది తిరగడం లేదు. ఎందుకో నాకు తెలియదు. సాయంత్రం దాకా గడువివ్వండి," అన్నాడు.

సభంతా ఘొల్లుమంది. సింహం మాత్రం నవ్వకుండా సరేనంది.

దిగులుగా ఎగిరిపోతుంటే, ఆడసింహం తన కూనను ఉయ్యాలలో ఊపుతూ కనిపించింది. ఉయ్యాల ముందుకు పోయేటప్పుడు తోస్తోంది. వెనక్కి వచ్చేటప్పుడు పంజా తీసేస్తోంది.

"ఓరి నా తెలివి! అయస్కాంతం నా చుట్టను సగం చుట్టు ముందుకు తోసి, మిగతా సగం వెనక్కి తోస్తోంది. ఆ సగంలో విద్యుత్తు ఆగాలి!" అనుకున్నాడు. గూట్లో ప్రతి ముడినీ బిగించడమే అలవాటైనవాడికి వదలాలని తోచలేదు మరి.

కొత్త తీగ చుట్టాడు. ఒక కొసను చుట్టూరా గీకాడు. రెండో కొసను ఒక పక్కనే గీకి, రెండో పక్క పూత ఉంచేశాడు.

సాయంత్రం రెండు చుట్టలూ తిరిగాయి. "ఇద్దరూ దూరంగా జరగండి," అంది సింహం. నక్క చుట్ట ఆగిపోయింది. గిజిగాడిది తిరుగుతూనే ఉంది.

"ఎందుకు తిరుగుతోంది?"

"సగం చుట్టు అయస్కాంతం తోస్తుంది ప్రభూ. మిగతా సగం పూత అడ్డుపడి ఆ తోపు ఆగుతుంది. ముందటి ఊపుతోనే చుట్ట సాగిపోతుంది. రెండుసార్లు తప్పు చేశాకే ఇది తెలిసింది."

మర్నాడు పిట్టల పిల్లలు బడిలో ముందు వరుసలో కూర్చున్నాయి. నక్క చివరి వరుసలో కూర్చుని బుద్ధిగా తీగ గీకింది.

తెలియదని ఒప్పుకున్నవాడే తెలుసుకుంటాడు. ఏ పనికైనా పట్టు ఎంత అవసరమో, విడుపూ అంతే అవసరం.