కూత లేని చెడుగుడు

అనగా అనగా, మృగాలకు మాటలొచ్చిన కాలాన, మాటల వెంట వాదులాటలూ వచ్చిన ఒక అడవిలో ఒక మడుగు ఉండేది.

మడుగుకు ఒక పక్క బండరాయి, లోతు నీళ్లు. రెండో పక్క మెత్తటి బురద, చీలమండ మునిగే నీళ్లు. ఎండలు ముదిరాయంటే అందరికీ ఆ బురద ఒడ్డే కావాలి. పెద్ద జంతువులకు పొర్లడానికి కావాలి. చిన్న జంతువులకు పిల్లల్ని సాకడానికి కావాలి. అది ఎవరికి దక్కాలో పెద్దల జట్టూ చిన్నవారి జట్టూ చెడుగుడు ఆడి తేల్చుకోవడం ఆ అడవి ఆచారం. గెలిచిన జట్టుకు వానలు పడేదాకా బురద ఒడ్డు. ఓడిన జట్టుకు బండ ఒడ్డు.

ఒక ఏడు ఆటలో దుప్పి కాలు విరిగింది. "ఎముకలు విరిగే ఆట ఇక చాలు" అని కోతి చిత్రయ్య ఒక మాయపలక చేసి పెట్టాడు. నున్నటి నల్లరాతి పలక. దాని మీద కదిలే వెలుగుబొమ్మలు. ఎవరి బొమ్మ వారిదే. పక్కనున్న మీటలు నొక్కితే బొమ్మ ఉరుకుతుంది, పట్టుకుంటుంది, తోస్తుంది. ప్రతి బొమ్మ వెనకా చిత్రయ్య గురివింద గింజలు పొదిగాడు. ఎన్ని గింజలుంటే బొమ్మకు అంత బలం.

అడవిదున్న గండయ్య బొమ్మకు దోసెడు గింజలు. కప్ప పచ్చమ్మ బొమ్మకు ఒకే ఒక్క గింజ.

మరుసటి ఏడు బురద ఒడ్డున పచ్చమ్మ పిల్లలున్నాయి. తోకలు ఊడని, కాళ్లు మొలవని పిల్లలు. దున్నలు వచ్చి అక్కడ పొర్లితే ఒక్కటీ మిగలదు. తీసుకుపోయి లోతు నీళ్లలో వదిలితే చేపలు మింగుతాయి. ఆ ఒడ్డు దక్కితేనే బతుకు.

పచ్చమ్మ చిన్నది. నోరు మాత్రం చిన్నది కాదు.

అసలు ఆటకు ముందు రెండు ఉత్తుత్తి ఆటలు ఆడి, తగవులేమైనా ఉంటే తీర్చుకోవడం అక్కడి పద్ధతి.

మొదటి ఉత్తుత్తి ఆటలో గండయ్య బొమ్మ బరిలోకి దిగింది. అడ్డొచ్చిన బొమ్మలన్నీ ఎండుటాకుల్లా ఎగిరిపోయాయి. ముళ్లపంది సూదమ్మ బొమ్మ పలక అంచు దాకా దొర్లింది. గండయ్య ఒక కాలు మీట మీద ఆనించి, తీరిగ్గా గడ్డి నములుతున్నాడు.

"ఇదేం ఆట మామా?" పచ్చమ్మ ఎగిరి పలక మీద కూర్చుంది. "నువ్వు కునుకు తీసినా గెలుస్తావు. గింజలు అందరికీ సమానంగా ఉండాలి."

గండయ్య చెడ్డవాడు కాదు. ఎన్నో సాయంత్రాలు పచ్చమ్మను కొమ్ము మీద కూర్చోబెట్టుకుని మడుగంతా తిప్పినవాడే. కానీ బలమున్నవాడి కంటికి లోకం ఎప్పుడూ సరిగ్గానే కనిపిస్తుంది.

"నేను దున్నను, నువ్వు కప్పవు. పలక ఉన్న నిజమే చెబుతోంది. నిజం మీద అలిగితే ఎలాగమ్మా?"

"అలగలేదు మామా, అడుగుతున్నాను. అడిగితే అలక అంటావు, ఊరుకుంటే ఒప్పుకున్నానంటావు. మరి మేమేం చెయ్యాలి?"

చిత్రయ్య నవ్వి, గింజలన్నీ ఊడబీకి అందరికీ సమానంగా పంచాడు.

రెండో ఉత్తుత్తి ఆట మొదలైంది. పచ్చమ్మ బొమ్మ గండయ్య బొమ్మను ఒంటి చేత్తో ఎత్తి గిరగిరా తిప్పి పారేసింది. మొదటిసారి అందరూ పగలబడి నవ్వారు. రెండోసారి కొందరు నవ్వారు. మూడోసారి ఎలుగుబంటి బొచ్చప్ప ఆవలించాడు.

"దీనికంటే ఉసిరికాయలు దొర్లించుకోవడం మేలు," అన్నాడు.

అతను పెద్దల జట్టు, అంటాడులే అనుకుంది పచ్చమ్మ. కానీ తన జట్టులో ఉన్న సూదమ్మే మొహం ముడుచుకుంది.

"ఏమే పచ్చీ, నా ముళ్లేవీ? నీ బొమ్మా నా బొమ్మా ఒక్కటే అయితే, గెలిచింది నువ్వో నేనో ఎవరికి తెలుసు?"

ఆ మాట పచ్చమ్మకు సూటిగా తగిలింది. గింజలు అలాగే ఉంచమని పట్టుబడితే ఒడ్డు దక్కే వీలుంది. పిల్లలు బతికే వీలుంది. అయినా ఆమె తప్పు తప్పే అంది.

"నేనన్నది సరి కాదు. దున్నను కప్ప ఎత్తెయ్యడం ఆట కాదు, వేళాకోళం. చిత్రయ్యన్నా, ఎవరి గింజలు వారికి పెట్టెయ్."

"ఇప్పటికైనా తెలిసిందా?" గండయ్య తోక ఊపాడు.

"నా మాట ఓడింది మామా, నేను ఓడలేదు. అసలు ఆట రేపు కదా!"

ఆ సాయంత్రం ఆమె పాత ఇసుక బరి దగ్గరికి వెళ్లింది. ఎవరూ ఆడక గరిక మొలిచింది. నడిగీత సగం చెరిగింది. పచ్చమ్మ గీత మీద కూర్చుని ఆలోచించింది. ఇసుకలో ఆడిన రోజుల్లో చిన్నవాళ్లు ఓ ఏడు కాకపోతే ఓ ఏడు గెలిచారే! అప్పుడూ దున్న దున్నే, కప్ప కప్పే. మరి ఎలా గెలిచారు?

గీత దాటబోతే, అలవాటు కొద్దీ గొంతు తనంతట తనే అందుకుంది: "చెడుగుడు గుడుగుడు గుడుగుడు..."

పచ్చమ్మ టక్కున ఆగింది. దొరికింది!

తెల్లారి అందరూ పలక చుట్టూ చేరారు.

"చిత్రయ్యన్నా! బరువు పెట్టావు, బలం పెట్టావు. కూత ఏదీ?"

పిల్లలూ, చెడుగుడు ఆడేవారికి తెలుసు. అవతలి బరిలోకి వెళ్లినవాడు ఒకే ఊపిరిన కూత పెడుతూ, ఎవరినో ఒకరిని తాకి, గీత దగ్గరికి తిరిగి రావాలి. మధ్యలో ఊపిరి తెగితే ఆ కూత పోయినట్టే. ఆ అడవిలో జట్టుకు వరసగా రెండేసి కూతలు; ముందు తాకి తిరిగొచ్చిన జట్టుదే గెలుపు.

చిత్రయ్య తల గోక్కున్నాడు. "రాయికి నోరు లేదు కదమ్మా! బొమ్మలు కూత పెట్టలేవని వదిలేశాను."

"బొమ్మకు లేకపోతే ఆడించేవాళ్లకు లేదా నోరు? మీట నొక్కేవాళ్లే కూత పెట్టాలి."

బొచ్చప్ప గుర్రుమన్నాడు. "ఆట పూట కొత్త కట్టుబాట్లా?"

"కొత్తవా? మీ తాత కూతకు ఊపిరి చాలక ఇసుక బరిలోనే కూలబడ్డాడు, మరిచిపోయావా?" పచ్చమ్మ గండయ్య వైపు తిరిగింది. "నిజం, నిజం అన్నావు కదా మామా! నీ కండ నిజమైతే నీ ఆయాసం నిజం కాదా? నిజంలో నీకు రుచించిన ముక్క తిని, తక్కింది ఆకులో వదిలేస్తావా?"

గండయ్య నోట్లో గడ్డి మింగి తలూపాడు.

"నువ్వన్నది సబబే. కూత పెట్టే ఆడదాం."

మొదటి వంతు పెద్దల జట్టుది; గండయ్య కూతకు వెళ్లాడు. బొమ్మకు దోసెడు గింజల బలముంది. చిన్న బొమ్మలు ఎదురు నిలవలేదు, మూలమూలలకు పారిపోయాయి. తరుముతూ తరుముతూ గండయ్య కూత సన్నబడింది. "చెడుగు... హుఫ్!" ఊపిరి తెగింది.

తర్వాత బొచ్చప్ప వెళ్లాడు. కూత బాగానే సాగుతోంది. సూదమ్మ మెల్లిగా, "బావా, నీ మూతికి తేనె అంటింది, చీమలు పడుతున్నాయి!" అంది. బొచ్చప్ప మూతి నాక్కున్నాడు. కూత పోయింది!

ఇక చిన్నవారి వంతు. పచ్చమ్మ వెళ్లింది. ఒక్క గింజ బొమ్మ. దొరికిందంటే నలిగిపోతుంది. అందుకే అందీ అందనట్టు అవతలి బరిలో తిరిగింది. "గుడుగుడు గుడుగుడు గుడుగుడు..." దున్నలు ఆమె ఊపిరి తెగేదాకా చూద్దామనుకున్నాయి. తెగలేదు. ఆమె గొంతు ఉబ్బింది, కళ్లు బయటికొచ్చాయి, కూత మాత్రం ఆగలేదు. గండయ్య ఓపిక చచ్చి ఒక్క ఊపున మీద పడ్డాడు. పచ్చమ్మ బొమ్మ అతని కాళ్ల సందున దూరి, తోక తాకి, గీత మీద వాలింది.

బురద ఒడ్డు చిన్నవారిదైంది.

గండయ్య రొప్పుతూ నవ్వాడు. "నిజం ఇంత పొడుగని తెలిస్తే అసలు దాని పేరే ఎత్తేవాణ్ని కాదమ్మా!" అని, తన మందను తానే బండ ఒడ్డుకు తోలుకుపోయాడు. ఒక్క గిట్ట కూడా బురద తొక్కలేదు.

ఉన్నదున్నట్టు ఆడాలనేవారు తమను గెలిపించే నిజంతో పాటు తమను ఓడించే నిజాన్నీ బరిలోకి రానివ్వాలి; అప్పుడే అది న్యాయమైన ఆట.