లేదన్న హుక్కు

మజ్జి వనజాక్షి, ముప్పై రెండేళ్లు. రోజూ పొద్దున్నే తలకు పోసుకుని, తడి జుట్టుతోనే కంపెనీ బస్సెక్కుతుంది. గాజువాక దాటేసరికి అదే ఆరిపోతుంది.

ఆమె పని ఇనుములో పగుళ్లు వెతకడం. కోసి చూస్తే పగులు ఎవరికైనా కనిపిస్తుంది. కోయకుండా, విరవకుండా, వస్తువు వస్తువులాగే ఉండగా లోపం ఎక్కడ దాక్కుందో చెప్పడం ఆ విద్య. ఇనుము మీద చూపించే ఈ పాటి ఓపిక లోకం ఆడదాని మీద ఎన్నడూ చూపించలేదు. ముందు విరిచి చూస్తుంది, విరిగింది గనక అది గట్టిది కాదని తేలుస్తుంది.

వనజాక్షికి ఆ విద్య నేర్పింది నక్కా ఎస్తేరు. ఓడలు కట్టే చోట ఉద్యోగం చేసి రిటైరైంది. ఇప్పుడు ఉక్కు స్తంభాలు, దూలాలు తయారుచేసే ఈ కంపెనీకి వచ్చి పరీక్షలు చూస్తుంది, కొత్తవాళ్లకు పని నేర్పుతుంది. పదకొండు కొట్టేసరికి క్యారేజీ విప్పి కూర్చుంటుంది. "ఇంత పెందలాడే భోజనమేంటండీ?" అని ఎవరైనా నవ్వితే, "ఆకలి కంటికి పగులు కనపడదు" అంటుంది. ఇంకో సంగతి కూడా అందరికీ తెలుసు. ఎస్తేరును ప్రశ్న అడిగితే జవాబు చెప్పదు, పని చెప్తుంది.

ఆ శుక్రవారం వనజాక్షి దగ్గర ఒక ప్రశ్న ఉంది. దాని వెనక ఒక అమ్మాయి బతుకు ఉంది.

రెండో షెడ్డులో రంగులు వేసే నీలవేణి, ఫోర్‌మన్ త్రినాథరావు స్టోరు గదిలో తన మీద చెయ్యి వేశాడని మేనేజరు దగ్గరకు వెళ్లి చెప్పింది. మేనేజరు మొట్టమొదట చేసిన పని నీలవేణిని ఇంటికి పంపడం. "విచారణ తేలేదాకా విశ్రాంతి తీసుకోమ్మా" అన్నాడు. త్రినాథరావుకు విశ్రాంతి అవసరమని ఎవరికీ తోచలేదు.

చట్టం ఉంది గనక కంపెనీలో ఇలాంటి వాటికి ఒక కమిటీ ఉంది. దానికి పెద్దగా ఉన్నది యజమానిగారి చెల్లెలు విమలాదేవి. దీపావళికి మిఠాయిలు పంచడానికి తప్ప ఆవిడ షెడ్డులో అడుగు పెట్టి ఎరగదు. అందుకని షెడ్డు ఆడవాళ్లను అడిగి సంగతి తేల్చే పని, కమిటీలో చిన్నదైన వనజాక్షి మీద పడింది. ఆమె అడిగింది. అందరూ ఏమీ లేదన్నారు. సోమవారం కమిటీ కూర్చుంటుంది. ఏమీ లేదనే తేలితే నీలవేణి ఉద్యోగం పోతుంది, అబద్ధాలకోరన్న పేరు మిగులుతుంది. ఆ పేరుతో ఆ చుట్టుపక్కల ఏ కంపెనీ గేటూ ఆమెకు తెరుచుకోదు.

వనజాక్షి వెళ్లేసరికి ఎస్తేరు పప్పూ అన్నం కలుపుతోంది.

"మేడం, ఒకటి అడగనా?"

"ముద్ద తింటావా?"

"వద్దండి. నీలవేణి సంగతి షెడ్డులో అందరినీ అడిగాను. ఒక్కళ్లు కూడా ఉందనలేదు. అందరూ లేదంటే, లేనట్టేనా?"

ఎస్తేరు ముద్ద నమిలి మింగింది. "రెండో షెడ్డు క్రేను హుక్కు కిందికి దింపారట, ఏడాది పరీక్షకి. సామాను పట్టుకుని పద. చెయ్యి కడుక్కుని వస్తాను."

వనజాక్షికి ఒళ్లు మండింది. ఇక్కడ ఒకమ్మాయి కొంప కూలుతుంటే ఈవిడకు హుక్కు గొడవ. అయినా గురువుతో వాదించే అలవాటు లేదు గనక సంచీ భుజాన వేసుకుని నడిచింది.

రెండో షెడ్డులో హుక్కును చెక్క దిమ్మల మీద పడుకోబెట్టారు. చూడ్డానికి చంటిపిల్లాణ్ణి పడుకోబెట్టినట్టుంది గానీ, నలుగురు మగాళ్లు పట్టుకున్నా కదలదు. త్రినాథరావు అక్కడే ఉన్నాడు, చేతులు వెనక్కి కట్టుకుని.

"కాస్త తొందరగా కానివ్వండి మేడం గారూ. అవతల స్తంభాలు లేపాలి" అన్నాడు. "అయినా దీనికి పరీక్షేంటండీ. నేనొచ్చినప్పట్నుంచీ మోస్తోంది. ఎంత బరువు పెట్టినా ఒక్కనాడు కిమ్మనలేదు."

"మంచి హుక్కు" అంది ఎస్తేరు.

"ఇలాంటివి ఇప్పుడు రావట్లేదండి" అన్నాడు త్రినాథరావు, వనజాక్షి వైపు చూసి.

హుక్కు వంపు మీద మడ్డి తుడిచి, పలచగా తెల్లరంగు కొట్టారు. తర్వాత ఎస్తేరు యోక్ అందుకుంది. అది రెండు కాళ్లున్న అయస్కాంతం. రెండు కాళ్లనీ ఇనుము మీద ఆనించి కరెంటు ఇస్తే, ఇనుములో అయస్కాంత బలం ఒక కాలి నుంచి ఇంకో కాలికి పారుతుంది. పైన నల్లటి ఇనుప పొడి కలిపిన ద్రవం చల్లుతారు. దారిలో పగులు అడ్డం వస్తే బలం అక్కడ పైకి చిమ్ముతుంది, పొడి పోగై ఆ పగులుకు బొమ్మ గీస్తుంది.

ఎస్తేరు యోక్‌ను హుక్కు వెడల్పుకు పెట్టింది, ఈ చెంప మీద ఒక కాలు, ఆ చెంప మీద ఒక కాలు. వనజాక్షి నల్ల ద్రవం చల్లింది. అది తెల్లరంగు మీద నుంచి జారి కిందికి కారిపోయింది. ఎక్కడా ఏమీ నిలవలేదు.

"లేదు" అంది ఎస్తేరు, యోక్ తీసేస్తూ. "బాగుందని రాసెయ్యి."

తను సరిగ్గానే విన్నానా అనుకుంది వనజాక్షి. "మేడం, ఒకవైపే పెట్టారు."

"పెట్టాను, అడిగాను. లేదంది."

"ఒకవైపు లేదందండి."

"పాపం ఎన్నాళ్ల నుంచో మోస్తోంది, ఒక్కనాడు కిమ్మనలేదు. ఈయనే చెప్తున్నారు కదా. దాని మాట నమ్మవా?"

"నమ్మకం సంగతి కాదండి." వనజాక్షి గొంతు పెరిగింది. "మీరు పెట్టిన వైపే పగులు కూడా పడుకుని ఉందనుకోండి. బలం దాని పక్కనుంచే సాఫీగా పోతుంది, దానికి అడ్డు తగలదు. అడ్డు తగలకపోతే పొడి ఎందుకు నిలుస్తుంది? మనం ఎటు అడుగుతున్నామో పగులు కూడా అటే ఉంటే అది బయటపడదు. పడలేదు గనక లేదంటే ఎలా? తిప్పి పెట్టాలి. అడ్డంగా అడగాలి. మీరే నేర్పారు."

"నేర్పాననుకో. ఆయన తొందరపడుతున్నారుగా."

"తొందరపడే మనిషిని అవతలికెళ్లి నిలబడమనండి."

త్రినాథరావు నవ్వబోయి, ఎవరూ నవ్వకపోతే మానుకున్నాడు. వనజాక్షి గురువు చేతిలోంచి యోక్ తీసుకుంది. ఈసారి వంపు పొడవునా పెట్టింది, కొన వైపు ఒక కాలు, మెడ వైపు ఒక కాలు. ద్రవం చల్లింది. నలుపు జారుతూ జారుతూ వంపు నడుమ, సరిగ్గా బరువు వేలాడే చోట, ఆగింది. తెల్లరంగు మీద వెంట్రుకంత గీత, అడ్డంగా, కాటుక పుల్లతో దిద్దినట్టు.

"ఏదో గీత పడుంటుందిలెండి" అన్నాడు త్రినాథరావు. "గొలుసు రాసుకుని ఉంటుంది."

వనజాక్షి బట్ట పెట్టి శుభ్రంగా తుడిచింది. మళ్లీ యోక్ పెట్టింది, మళ్లీ చల్లింది. గీత మళ్లీ అక్కడే వచ్చింది, ఇంకాస్త నల్లగా. రంగుల డబ్బాలు పట్టుకుని ఆడవాళ్లు రోజంతా నడిచేది ఆ హుక్కు కిందనే. ఆమె ఎర్రరంగు కుంచె తీసుకుని హుక్కు మెడ మీద ఇంతేసి కొట్టివేత గుర్తు పెట్టింది.

"ఇది ఇక పైకి వెళ్లదు" అంది.

"ఇవాళ్టి పని?"

"అంత తప్పకపోతే ఎక్కించుకోండి. కింద మాత్రం మీరే నిలబడండి."

అక్కడ క్రేను నడిపేవాడు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. త్రినాథరావు ఫోను చెవి దగ్గర పెట్టుకుని బయటికి నడిచాడు.

వనజాక్షికి గెలిచిన వేడి ఇంకా దిగలేదు. సామాను సర్దుతూ అంది: "నేనడిగిందానికి మీరు జవాబే చెప్పలేదు మేడం."

"నేను చెప్పడమేంటి. ఇంతసేపూ నువ్వేగా చెప్పావు, షెడ్డంతా వినపడేట్టు."

ఎస్తేరు చేతులు తుడుచుకుని వెళ్లిపోయింది. వనజాక్షి చేతిలో బట్ట చేతిలోనే ఉండిపోయింది.

క్యాంటీనులో తను ఎలా అడిగిందో అప్పుడు గుర్తొచ్చింది. ఆడవాళ్లను పిలిపించమని త్రినాథరావుకే కబురు పెట్టింది. ఆయనే పిలుచుకొచ్చాడు, వచ్చి గుమ్మంలోనే టీ గ్లాసుతో నిలబడ్డాడు. తను లేచి, "త్రినాథరావు గారి వల్ల మీకెవరికీ ఇబ్బందేమీ లేదు కదా?" అంది. వాళ్ల భయం ఎటు పడుకుని ఉందో, తన ప్రశ్న కూడా అటే పారింది. ఎక్కడా తగల్లేదు.

సాయంత్రం షిఫ్టు దిగాక ఆమె ఆడవాళ్లు బట్టలు మార్చుకునే గదికి వెళ్లింది. అక్కడికి ఏ ఫోర్‌మనూ రాలేడు. అందరూ పంపు దగ్గర చేతుల రంగు వదిలించుకుంటున్నారు. వనజాక్షి కూడా చేతులు చాచి సబ్బడిగింది. త్రినాథరావు పేరు ఎత్తలేదు, నీలవేణి పేరూ ఎత్తలేదు.

"స్టోరు నుంచి చిన్న డబ్బా తేవడానిక్కూడా మీరు ఇద్దరిద్దరు వెళ్తారేంటి?" అంది.

అందరిలోకీ పెద్దదైన అసిరమ్మ గోళ్లలో రంగు గీకుతూ, "బరువమ్మా" అంది.

"అరలీటరు డబ్బా."

"బరువు డబ్బాది కాదులే."

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు మధ్యలోనే తెగిపోయింది. అప్పుడు సంతోషి అనే పిల్ల, తల ఎత్తకుండా, "తాళం ఆయన కాడే ఉంటాది" అంది. "మనం లోపలికెల్తే గుమ్మంలో నిలబడిపోతాడు. ఒరుసుకుని బయటికి రావాలి. ఇద్దరుంటే కొంచెం జరుగుతాడు."

"ఒక్కర్తే ఎల్తే తలుపేసేత్తాడు" అంది ఇంకొకామె.

"నీలవేణి ఆ రోజు ఒక్కర్తే ఎల్లింది" అంది అసిరమ్మ. "తోడెల్లే దాన్ని నేనే. నాకు ఆ రోజు జొరం."

ఆ తర్వాత ఎవరినీ అడగవలసిన పని లేకపోయింది. ఒకరు మొదలుపెట్టింది ఇంకొకరు పూర్తి చేశారు. పంపు కట్టేసి కూడా చాలాసేపు మాట్లాడారు. బస్సు డ్రైవరు హారను కొట్టి కొట్టి ఊరుకున్నాడు.

"మరి క్యాంటీనులో లేదన్నారేం?" అంది వనజాక్షి చివరికి.

అసిరమ్మ ఆమెను జాలిగా చూసింది. "నువ్వేటడిగినావమ్మా? 'ఇబ్బందేమీ లేదు కదా' అన్నావు. ఆడు గుమ్మంలో టీ తాగుతున్నాడు. నువ్వు లేదనమన్నావు, మేం లేదన్నాం."

"సోమవారం అడిగితే?"

"ఆడ్ని బయటుంచు. మమ్మల్ని ఒక్కొక్కర్తినీ కాదు, అందరినీ ఒక్కపాలి కూకోబెట్టు. అప్పుడు సూడు."

సోమవారం కమిటీ గదిలోకి షెడ్డు ఆడవాళ్లు రంగు మరకల చీరలతోనే వచ్చారు. కుర్చీలు చాలకపోతే గోడ వారన నిలబడ్డారు. త్రినాథరావును వరండాలో కూర్చోబెట్టారు. వనజాక్షి తలుపు తనే గడియ పెట్టింది. నీలవేణి ముందు వరసలో కూర్చుంది, చేతిసంచీ ఒళ్లో గట్టిగా పట్టుకుని. తన వెనక ఒక్కొక్క గొంతూ లేస్తుంటే ఆమె పట్టు కొద్దికొద్దిగా వదిలింది. అసిరమ్మ వంతు వచ్చేసరికి సంచీ కింద పెట్టి, వెనక్కి తిరిగి హాయిగా చూస్తూ వింది.

అంతా అయ్యాక, హుక్కులో పగులు దొరికిన సంగతి తనకు చెప్పడానికి వచ్చి అక్కడే ఉండిపోయిన ఎస్తేరు వైపు విమలాదేవి తిరిగింది. ఆవిడ ముఖం ఎర్రబడి ఉంది. సిగ్గో, కోపమో తెలియలేదు.

"మీరు పెద్దవారు, మీరు చెప్పండి. వీళ్లు మొదటిసారి క్యాంటీనులో ఏమీ లేదన్నారు. ఇవాళ ఇన్ని చెప్తున్నారు. ఏదో ఒకటి అబద్ధం అవ్వాలి కదండీ?"

ఎస్తేరు గోడ మీద గడియారం చూసింది. పదకొండు దగ్గర పడుతోంది. సంచీలోంచి క్యారేజీ తీసుకుని లేచింది.

"హుక్కు కూడా మొదటిసారి లేదనే అందండి" అంది. "అబద్ధం చెప్పలేదు."

ఆ వారంలోనే వనజాక్షి కమిటీ చేత త్రినాథరావు ఉద్యోగం తీయించి, నీలవేణి పక్కన కూర్చుని అతని మీద పోలీసు కేసు పెట్టించింది.