కలలు పోయిన కోటిలింగం

కోటిలింగానికి కలలు రావడం ఆగిపోయి తొమ్మిది రోజులైంది.

అవి వాటంతట అవి ఆగలేదని, ఎవరో ఆపారని అతని అనుమానం. ఆ ఎవరో ఎవరన్నది కూడా అతనికి తెలుసు. పైకి అనడానికే నోరు రావడం లేదు. ఎందుకంటే ఆమె అతని గురువు.

మునేటి ఒడ్డున ఉన్న ఆ పెంకుటిల్లు అచ్చమాంబగారిది. డెబ్బై ఆరేళ్ళ మనిషి. నేతపని చేసుకునే ఇంట్లో పుట్టి, భర్త పోయాక అచలబోధ అనే గురుమార్గపు ఉపదేశం తీసుకుని, వచ్చినవాళ్ళకు తత్వాలు పాడి వినిపిస్తూ అక్కడే ఉండిపోయింది. వంటావార్పూ పేరమ్మ అనే పాత శిష్యురాలు చూసుకునేది. కోటిలింగం వచ్చి రెండు నెలలు దాటింది.

అంతకుముందు పదకొండేళ్ళు అతను బైరాగులతో తిరిగాడు. పొద్దున చిలుం, మధ్యాహ్నం చిలుం, పడుకునే ముందు చిలుం. ఆ పదకొండేళ్ళలో ఒక్క కల వచ్చినట్టు గుర్తులేదు. కళ్ళు మూస్తే చీకటి, తెరిస్తే పొద్దు. అది గంజాయి చేసే పని అని అతనికి తట్టలేదు. తన మనసు లయమైపోయిందని లోలోపల సంబరపడ్డాడు. జట్టులో పెద్ద బైరాగి కూడా అదే అన్నాడు.

అచ్చమాంబ మాత్రం అతన్ని చేర్చుకునేటప్పుడు ఒక్కటే మాట చెప్పింది.

"ఉంటే ఉండు నాయనా. ఆ చిలుం ఏట్లో పారేసి రా."

పారేసి వచ్చాడు. మొదటి వారం కంటి మీద కునుకు లేదు. చెమటలు, చిరాకు, కడుపులో తిప్పడం. అమ్మగారు రోజూ సాయంత్రం తాను తాగే నేలవేము కషాయం అతనికీ ఒక గ్లాసు పోసి ఇవ్వడం మొదలుపెట్టింది.

ఎనిమిదో రోజున కలలు మొదలయ్యాయి. మొదలవడం కాదు, గట్టు తెగి మీద పడ్డాయి. చనిపోయిన మేనమామ వచ్చి గడ్డం గీయమన్నాడు. చిన్నప్పటి బడిలో బెంచీల మధ్య చేపలు ఈదాయి. ఒకసారి కలలో అరచెయ్యి చూసుకుంటే ఆరు వేళ్ళు కనిపించాయి. 'నాకు ఆరెక్కడివి? ఇది కల!' అని తెలిసిపోయింది. తెలిసినా మెలకువ రాలేదు. ఆ కలలోనే నిలబడి, మునేటిని ఎగువకు పారమన్నాడు. పారింది.

అలా మరో నాలుగుసార్లు జరిగింది. నలుగురికీ చెప్పాడు. ఇటుక బట్టీలకు పనికి వెళ్ళేవాళ్ళు పొద్దున్నే ఆగి వినడం మొదలుపెట్టారు. కొందరు అరటిపళ్ళు తెచ్చి అతని ముందు పెట్టారు. ఒకాయన, "స్వామీ, ఈసారి మెలకువతో కలలోకి వెళ్ళినప్పుడు మావాడికి ఉద్యోగం వస్తుందో రాదో చూసి చెప్పండి," అన్నాడు. ఆ 'స్వామీ' అన్న పిలుపు కోటిలింగానికి చాలాసేపు చెవుల్లో ఉండిపోయింది.

సంగతి అమ్మగారికి చెబితే ఆమె అంతా విని, "అన్నం తిన్నావా?" అంది.

అక్కడ పడింది అనుమానపు విత్తనం. తన దగ్గరికి రావలసిన జనం ఇతని చుట్టూ చేరుతుంటే ముసలామెకు కంటగింపుగా ఉందేమో!

నెల తిరిగేసరికి కలలు పలచబడ్డాయి. ఆ తర్వాత అసలు లేవు. పొద్దున్నే జనం వచ్చి కూర్చునేవారు. చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. ఒకరోజు కల్పించి చెప్పాడు. చెబుతున్నంతసేపూ అమ్మగారు అతని మొహంలోకే చూసింది. 'తెలిసిపోయింది. ఈమెకెలా తెలిసింది? కలలు లేకుండా చేసింది ఈమే కాబట్టి!'

ఆ సాయంత్రం నుంచి ఆమెను కాపు కాశాడు.

కషాయం గ్లాసులు రెండూ ఒకేరకం స్టీలు గ్లాసులు. పేరమ్మ పోసి గట్టు మీద పక్కపక్కనే, ఎవరి చోట వాళ్ళది పెట్టేది. పదో రోజు సాయంత్రం అమ్మగారు అటూ ఇటూ చూసి, కొంగు ముడిలోంచి తెల్లటి బిళ్ళ ముక్క తీసి, చెంచా వెనకతో నలిపి, ఒక గ్లాసులో వేసి కలపడం తలుపు సందులోంచి చూశాడు. ఏ గ్లాసులో వేసిందో సందులోంచి సరిగా కనబడలేదు; తనదే అనుకున్నాడు. కషాయంలో ఏం కలిపినా ఆ చేదులో తెలియదు. ఎంత తెలివి!

అదేం బిళ్ళని పేరమ్మను ఒక్క మాట అడిగితే తేలిపోయేది. అతను అడగలేదు.

అమ్మగారు దీపం పెట్టడానికి లోపలికి వెళ్ళగానే గ్లాసులు మార్చేశాడు. ఆమె వచ్చి, తన చోట ఉన్న గ్లాసు ఎత్తి తాగింది. ఇతను రెండోది తాగాడు.

బండరాయిలా నిద్రపోయాడు. లేచేసరికి ఎండ గడప దాటింది. నోరు పిడచకట్టుకుపోయింది. ఒక్క కల లేదు.

'ఇన్నాళ్ళు పోసింది ఒంట్లో ఇంకా ఉంది. విరగడానికి రోజులు పడతాయి,' అనుకున్నాడు. మర్నాడూ మార్చాడు. ఆ మర్నాడూ మార్చాడు. తల ఇంకా బరువెక్కింది. 'అమ్మో, ఎంత పట్టించిందో!' అనుకున్నాడు.

ఇటు అమ్మగారు మారిపోయింది. కళ్ళు ఎర్రబడ్డాయి. తత్వం పాడుతూ మధ్యలో చరణం మరిచిపోయింది. చేతులు వణికి మజ్జిగ ఒలకబోసింది. అందరూ అయ్యో అన్నారు. కోటిలింగం మాత్రం ఓరగా చూశాడు. తప్పు చేసిన చెయ్యి వణకదా మరి!

నాలుగు రోజులు గడిచాక పేరమ్మ భయపడి డాక్టరు రహంతుల్లాకు కబురు పెట్టింది. ఆయన వచ్చి నాడి చూశాడు. "బిళ్ళ వేసుకుంటున్నారా అమ్మా?" అని అడిగాడు.

"రోజూ సగం. కషాయంలోనే. మింగుడు పడదుగా నాకు," అంది అచ్చమాంబ.

"మరి నిద్ర?"

"నాలుగు రోజులుగా లేదు. తెల్లవారుజామున కాస్త కన్ను మూతపడితే ఏవేవో కలలు. నా పెళ్ళి మగ్గం మీద జరుగుతోంది. ఏరు వెనక్కి పారుతోంది."

కోటిలింగం ఇక ఆగలేకపోయాడు. గుమ్మంలోంచి ముందుకొచ్చాడు.

"డాక్టరుగారూ, ఆ బిళ్ళ ఏదో కాస్త చూడండి. ఈమె నా కషాయంలో మందు కలుపుతోంది. నేను కళ్ళారా చూశాను. నా కలలు పోగొట్టింది ఈమే!"

పేరమ్మ చేతిలో విసనకర్ర ఆగిపోయింది. డాక్టరు అతని వైపు తిరిగాడు.

"అది నిద్రమాత్రయ్యా. తుంటి ఎముక విరిగినప్పటి నుంచి నేనే ఇస్తున్నాను. ఆవిడ గ్లాసులో ఆవిడ వేసుకుంటుంది. నీ గ్లాసులో ఎందుకు వేస్తుంది?"

అచ్చమాంబ అతన్ని కాసేపు చూసింది. తర్వాత మెల్లగా అడిగింది.

"నువ్వు ఏ గ్లాసు తాగుతున్నావు నాయనా?"

అబద్ధం ఆడదామనుకున్నాడు. నోరు ఎండిపోయి ఉంది.

"మీదే," అన్నాడు.

డాక్టరుకు పట్టరాని కోపం వచ్చింది. "బుద్ధుందా నీకు? ఈ మాత్ర ఉన్నట్టుండి ఆపేస్తే ఈ వయసులో ఫిట్సు వస్తాయి. ప్రాణం పోయేది! మత్తు ఏదైనా కలల్ని తొక్కిపెడుతుంది. నీ గంజాయీ అంతే, ఈ బిళ్ళా అంతే. మానేస్తే అన్నాళ్ళవీ ఒక్కసారిగా ఎగదన్నుకొస్తాయి. కొన్నాళ్ళకు సర్దుకుంటాయి. నీకు సర్దుకున్నాయి. ఎవరూ ఏమీ చేయలేదు. మళ్ళీ తొక్కిపెట్టుకున్నది నువ్వే, ఈవిడ మందు తాగి!"

అచ్చమాంబ ఉన్నట్టుండి నవ్వింది.

"అదన్నమాట! వీడి కలలు నాకెందుకు వస్తున్నాయా అని నాలుగు రోజుల నుంచి ఆలోచిస్తున్నాను."

ఆమె తప్ప ఎవరూ నవ్వలేదు.

డాక్టరు వెళ్ళాక కోటిలింగం తన గుడ్డల మూట కట్టుకున్నాడు. ఎవరి మొహమూ చూడకుండా వాకిట్లోకి వచ్చాడు. అచ్చమాంబ గోడ పట్టుకుని నడిచి వచ్చి అతని ఎదుట నిలబడింది. కొంగు ముడి విప్పి, మాత్రల అట్ట తీసి అతని చేతిలో పెట్టింది.

"ఈ పూట నుంచి నువ్వే నలిపి ఇవ్వు. నా వేళ్ళు వణుకుతున్నాయి."

"వాడి చేతికా అమ్మా!" పేరమ్మ అరిచినంత పని చేసింది. "మీ ప్రాణం మీదికి తెచ్చినవాడి చేతికా?"

అచ్చమాంబ వినిపించుకోలేదు. కోటిలింగం ఆ అట్టను పట్టుకోలేక, వదల్లేక నిలబడ్డాడు.

"నేను మిమ్మల్ని ఎంత మాట అనుకున్నానో మీకు తెలియదమ్మా."

"తెలియకేం."

"మరి ఎందుకు ఇస్తున్నారు?"

ఆమె అతని భుజం మీద చెయ్యి వేసి గడప ఎక్కింది. ఎక్కి, ఊపిరి తీసుకుని, వెనక్కి తిరిగింది.

"కలలో ఉండి, ఇది కల అని పట్టుకున్నావు. గొప్పే. అనుమానంలో ఉండి, ఇది అనుమానమని పట్టుకోలేకపోయావేం నాయనా?"

కోటిలింగం తల ఎత్తలేదు. తర్వాత మూట విప్పాడు.

ఆ సాయంత్రం బిళ్ళను అతనే రెండుగా విరిచాడు. ఒక సగం చెంచాతో నలిపి గ్లాసులో వేశాడు. పేరమ్మ పక్కనే నిలబడి, అతని వేళ్ళ వైపు గుచ్చి గుచ్చి చూస్తోంది.

అచ్చమాంబ గ్లాసు అందుకుంది. అందులోకి చూడలేదు. కళ్ళు మూసుకుని, గుక్క తిప్పుకోకుండా తాగేసింది.