నీళ్ళలో ముంచితే రాగి ఎందుకు మెత్తబడుతుంది

ఒకప్పుడు రాగికీ ఇనుము బుద్ధే ఉండేది. ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచారా, బిర్రబిగుసుకుపోయేది. వంచబోతే వంగేది కాదు. బలవంతం చేస్తే సొట్టపడి నొక్కుకుపోయేది. అందుకని ఆ రోజుల్లో కంచరివాళ్ళు రాగిని కరిగించి అచ్చుల్లో పోసి చెంబులు, తిన్నని గొట్టాలు చేసుకునేవాళ్ళు. వంచే జోలికి ఎవరూ పోయేవాళ్ళు కాదు.

నమ్మరా? నమ్మనివాళ్ళు లేచి వెళ్ళి ఆడుకోండి, నాకేం కోపం లేదు. వినేవాళ్ళు ఇలా దగ్గరికి జరగండి.

వంశధార ఒడ్డున ఒక కంచరి ఇల్లు ఉండేది. ఆ ఇంటికి పోలమ్మ అనే పిల్ల కోడలుగా వచ్చింది. ఆమె పుట్టిల్లు కమ్మరి ఇల్లు, అంటే ఇనుము పని చేసేవాళ్ళ ఇల్లు. కాపురానికి వస్తూ ఒక ఇనప పట్టకారు వెంట తెచ్చుకుంది. అత్త సూరమ్మ దాన్ని చూసి మూతి ముడిచింది.

"ఇనుము ఇంటి చెయ్యి మోటు చెయ్యి. మా రాగిని ముట్టుకోకు" అని మొదటి రోజే చెప్పేసింది.

ఆ మాటకి పోలమ్మ మనసు కలుక్కుమంది. అయినా కొత్త కోడలు. వంటింట్లోకి పోయి వంట చూసుకుంది.

ఒకసారి సూరమ్మ కొడుకు చెంబులు బండికెత్తుకుని దూరపు సంతకి వెళ్ళాడు. అతను అటు వెళ్ళాడో లేదో, ఇటు సూరమ్మ పెరట్లో కాలు జారి వెల్లకిలా పడింది. మెడ ఎముక దెబ్బతింది. కట్లు కట్టే వైద్యుడు వచ్చి చూసి, "నెల రోజులు తల ఎత్తకూడదు, తిప్పకూడదు. కదిపారో మనిషి దక్కదు" అని చెప్పి పోయాడు.

పోలమ్మ గరిటెతో నీళ్ళు పోసింది. అయ్యో, పొలమారింది! దగ్గబోతే మెడ కదులుతుంది, దగ్గకపోతే ఊపిరాడదు. ముసలమ్మ మొహం నల్లగా అయిపోయింది. ఎలాగో గండం గడిచింది గాని, అప్పటి నుంచి గరిటె కనబడితే చాలు, సూరమ్మ పెదవులు బిగించేసేది. తడిగుడ్డ కూడా దగ్గరికి రానిచ్చేది కాదు. అలా రెండు రోజులు గడిచాయి. పెదవులు పగిలిపోయాయి.

ఇంకో రోజు ఇలాగే ఉంటే అత్త బతకదు.

"నేను పోయడం కాదు, ఆవిడే పీల్చుకోవాలి" అనుకుంది పోలమ్మ. "మంచం పక్కన చెంబు పెట్టి, అందులోంచి పైకి లేచి, వంపు తిరిగి, నోట్లోకి దిగే గొట్టం ఒకటి ఉంటే చాలు."

పెరట్లోకి పోయి ఆముదపాకు కాడ తెంపి వంచింది. టక్కున నొక్కుకుపోయింది. మీరూ వంచి చూడండి, అంతే అవుతుంది.

ఇక కొలిమి దగ్గరికి వెళ్ళింది. అక్కడ ఊదుగొట్టాలకని అత్త పోసి పెట్టుకున్న రాగి గొట్టాలు మూడే ఉన్నాయి. చిటికెన వేలంత సన్నవి. మొదటిదాన్ని మోకాలికి ఆనించి ఒక్క గుంజు గుంజింది. మధ్యలో నొక్కుకుపోయి మూసుకుంది.

ఇనప పట్టకారు పకపకా నవ్వింది. "పిచ్చి అమ్మాయీ, పుట్టింటి పని మర్చిపోయావా? ఎర్రగా కాల్చు, కాలుతుండగానే నాతో పట్టి వంచు. నీళ్ళలో మాత్రం ముంచకు సుమా. ముంచితే రాయి అయిపోతుంది."

పోలమ్మ రెండోదాన్ని అలాగే కాల్చి పట్టకారుతో వంచింది. పట్టకారు పళ్ళు దిగి గొట్టం అప్పడమైపోయింది.

ఇంక మిగిలింది ఒక్కటే. పోలమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. "నువ్వైనా చెప్పవే! ఎందుకిలా నొక్కుకుపోతారు మీరంతా?"

రాగితో అంతవరకు అలా మాట్లాడినవాళ్ళు లేరు. కొట్టినవాళ్ళే గాని అడిగినవాళ్ళు లేరు. అది చిన్న గొంతుతో అంది.

"భయం తల్లీ. నా లోపల ఏమీ లేదు, వట్టి బోలు. ఎవరైనా వంచబోతే కూలిపోతానని ఒళ్ళంతా బిగబట్టుకుంటాను. బిగబట్టినకొద్దీ ఇంకా కూలిపోతాను."

పక్కనే గంపలో ఎండుతున్న ఏటి ఇసుక ఆ మాట వింది. "ఓస్, ఇంతేనా! నేను లోపలికొచ్చి నిండుగా కూర్చుంటాను, నా మీద ఆనుకో" అంది.

"నువ్వున్నా బిగుసుకునే ఒళ్ళు నాది" అంది రాగి.

"ఒళ్ళు సంగతి నేను చూసుకుంటా, ఇలా రా" అంది నిప్పు.

పోలమ్మ గొట్టాన్ని నిప్పులో పెట్టింది. రాగి ఎర్రబడింది. కాని అంత వేడిది చేత్తో ఎలా పట్టుకుంటుంది? పట్టకారుతో వంచితే మళ్ళీ అప్పడమే. చల్లారే దాకా కూర్చుందామంటే లోపల అత్త మూలుగు కూడా ఆగిపోయింది. పోలమ్మ దిగ్గున లేచింది. గొట్టాన్ని పట్టకారుతో ఎత్తి నీళ్ళ తొట్టి మీదికి తెచ్చింది.

"వద్దు వద్దు! రాయి అయిపోతుంది!" అని అరిచింది పట్టకారు.

"అవనీ! ఇంక నాకు వేరే దారి లేదు" అని పోలమ్మ ముంచేసింది.

చుయ్‌మని పొగ లేచింది. ఆ పొగలో నీళ్ళు రాగితో అన్నాయి. "నిప్పులోంచి వచ్చినవాళ్ళంతా నన్ను చూడగానే పళ్ళు బిగిస్తారు. నువ్వూ అంతే చేస్తావని తెలుసు. కాని ఒక్క మాట విను. రెండు రోజులుగా ఆ ముసలమ్మ పెదవుల దాకా పోయి వెనక్కి వస్తున్నాను. ఇవాళ నువ్వు వంగితే లోపలికి పోతాను. బిగుసుకుంటే నాకూ దారి లేదు, ఆవిడకీ దారి లేదు."

రాగికి అలవాటుగా ఒళ్ళు బిగుసుకోబోయింది. కాని ముసలమ్మ పగిలిన పెదవులు కళ్ళ ముందు మెదిలాయి. ఆవిడ చేతులే కదా తనని అచ్చులో పోసింది! పుట్టాక మొదటిసారి రాగి భయాన్ని వదిలేసింది. నీళ్ళలో మెల్లగా, మెల్లగా మెత్తబడింది.

పోలమ్మ తీసి, తుడిచి, లోపల తడి ఆరేదాకా ఊదింది. ఇసుకని కొద్దికొద్దిగా పోసి దట్టించింది. "ఇంకా పొయ్యమ్మా, సందు ఉంటే నేనే జారిపోతాను" అంది ఇసుక. రెండు మూతులకీ పుల్లలు బిగించింది. రోకలికి ఆనించి, రెండు బొటనవేళ్ళతో నొక్కుతూ, కాస్త వంచి, వేళ్ళు జరిపి, మళ్ళీ కాస్త వంచింది. తొందర పెట్టలేదు. మోటు చెయ్యి అన్నారే, ఆ చేతులే! గొట్టం కొంగ మెడలాగా వంగింది, ఎక్కడా సొట్ట లేదు.

ఇసుక దులిపి, గొట్టం కడిగి, లోపలికి పరుగెత్తింది. ముసలమ్మ కళ్ళు తెరిచే ఉన్నాయి, పెదవులు మాత్రం బిగించే ఉన్నాయి. పోలమ్మ గొట్టం ఒక కొస నీళ్ళ చెంబులో పెట్టి, రెండో కొస ఆవిడ పెదవులకి ఆనించింది.

"అత్తా, నేను పొయ్యను. ఒట్టు. నువ్వే పీల్చుకో. నీకెంత కావాలో అంతే."

సూరమ్మ కోడలి మొహంలోకి చాలాసేపు చూసింది. ఆనక పెదవులు విప్పింది. ఒక చుక్క పీల్చి, మింగి, ఆగింది. పొలమారలేదు. ఇంకో గుక్క. తర్వాత ఇంక ఆగలేదు. చెంబు ఖాళీ అయ్యేసరికి ఆవిడ కళ్ళ నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. పోలమ్మా ఏడ్చేసింది.

"ఒలే పోలీ," అంది ముసలమ్మ, "రాగిని ఎలా వంచావే? మా తాతల నాటి నుంచి ఎవరి వల్లా కాలేదు కదే!"

"నేను వంచలేదత్తా. అదే వంగింది."

సూరమ్మ ఆ వంపుని పట్టుకుని నిమిరింది, వదల్లేదు. రాగికి బెంగ పట్టుకుంది. "ఓ నిప్పూ, ఈవిడ నెల రోజులు నన్ను పట్టుకుని తాగాలి. నేనేమో మెత్తబడ్డాను. ఈ చేతి బరువుకి మళ్ళీ తిన్నబడితేనో?"

"తిన్నబడవు" అంది కొలిమిలోంచి నిప్పు. "ఎంత వంగితే అంత గట్టిపడు. భయంతో కాదు, ఆ వంపుని నిలబెట్టుకోవడానికి. నిన్ను మళ్ళీ వంచాలనుకున్నవాళ్ళు మళ్ళీ నా దగ్గరికి రావాలి, మళ్ళీ ఆ నీళ్ళలో ముంచాలి. ఓపిక లేని చేతికి నువ్వు దొరకవు."

అప్పటినుంచే, ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచితే ఇనుము బిగుసుకుంటుంది, రాగి మెత్తబడుతుంది. వంచినకొద్దీ గట్టిపడి, ఎవరి కోసం ఎలా వంగిందో అలాగే నిలిచిపోతుంది.