పాపం ఓబులేసుది

రండి పిల్లలూ, ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి. వెనక వాళ్ళకు వినపడకపోతే కథ సగమే ఇంటికి పోతుంది.

అనగా అనగా, మీ తాతలకు ఇంకా మీసాలు మొలవని కాలంలో, కొండల నడుమ దారి పోయే కనమ కింద ఒక పల్లె. ఆ పల్లెలో ఓబులేసు అని సైకిళ్ళు బాగుచేసే ముసలాయన. అంగడంటే ఏముంది? నెత్తిన ఒక రేకు, పక్కన ఒక నీళ్ళ బొక్కెన, ఒక గాలి పంపు. సుత్తి దెబ్బలు వినీ వినీ ఆయన చెవులు మందగించాయి.

ఒకరోజు ఆయన దగ్గరికి గాజుల సుంకన్న వచ్చాడు. తలమీద గాజుల మూట, అదే మలారం, పెట్టుకొని, కనమ దాటి, అవతలి మూడు ఊళ్ళలో ఆడవాళ్ళకు గాజులు తొడిగేవాడు సుంకన్న. నడిచి నడిచి మోకాళ్ళు అరిగిపోయాయి. అందుకని సంతలో ఒక పాత సైకిలు కొన్నాడు. చేలకు మందు కొట్టే మిషను ఇంజను ఒకటి సంపాదించాడు.

"మామా, దీనికి ఈ మోటారు బిగించు. శ్రావణం వచ్చేసింది. ఈ యేడు కనమ ఎక్కలేకపోతే నా మలారం అటకెక్కినట్టే."

ఓబులేసు సైకిలు చుట్టూ తిరిగాడు. "ఇది ఎవరు?" అన్నాడు.

"ఎవరేంది మామా? సైకిలు!"

"అది గుడ్డోడు కూడా చెప్తాడు. కాళ్ళతో తొక్కినన్నాళ్ళు ఏ బండైనా ఓర్చుకుంటాది. మోటారు కడితే ఓర్చుకోదు. ఎవరో తెలియనిదానికి నేను మోటారు కట్టను."

మొదటి రోజు రంగు గీకాడు. నీలం కింద నలుపు, నలుపు కింద ఎరుపు.

"ఎరుపంటే టపా బండి. ఉత్తరాలు మోసింది. తేలిక బతుకే. కానీ ఇంకా తెలీదు. ఎవరో తెలియనిదానికి మోటారు కట్టను. రేపు రా."

రెండో రోజు వెనక కడ్డీలు తడిమాడు. ఎవరో సొంతంగా తొలిచిన బొక్కలు చేతికి తగిలాయి.

"తర్వాత పాలోళ్ళ చేతిలో పడింది. క్యాన్లు మోసింది. బరువు బతుకు. కానీ ఇంకా తెలీదు. ఎవరో తెలియనిదానికి మోటారు కట్టను. రేపు రా."

"పెళ్ళిచూపులకైనా ఇన్నిసార్లు తిప్పరు మామా!"

"పెళ్ళికూతురు నిన్ను కనమలో కింద పడెయ్యదులే అబ్బీ!"

మూడో రోజు ఓబులేసు చిన్న సుత్తి తీశాడు. "అతుకుల లోపలికి కన్ను పోదు, చెవి పోవాల. నా చెవులు చచ్చినాయి. గాజులోడివి, నీ చెవి మంచిది. నేను కొడతా, నువ్వు చెప్పు."

సీటు కింద గొట్టం మీద కొట్టాడు. గణ్ మంది. "బాగుంది మామా."

పెడళ్ళ దగ్గర గొట్టం మీద కొట్టాడు. గణ్ మంది. "బాగుంది మామా."

హ్యాండిలు కింద గొట్టం మీద కొట్టాడు. చిట్లిన కుండలా బద్ మంది.

సుంకన్నకు తెలిసిపోయింది. వెయ్యి గాజుల్లో చిట్లిన గాజును చప్పుడుతో పట్టే చెవి అది. కానీ ఏం లాభం? దీపం ఆరిందని అనం కదా, కొండెక్కింది అంటాం. గాజులవాళ్ళూ అంతే. పగిలింది అనరు, పెరిగింది అంటారు. పైగా శ్రావణమాసం, పక్కనే మలారం.

"పెరిగింది మామా" అన్నాడు గొంతు తగ్గించి.

ఓబులేసు చెవికి చెయ్యి ఆనించి విన్నాడు. మోత పెరిగిందేమో, అంటే గొట్టం గట్టిదేమో అనుకున్నాడు. "పెరిగిందా? అయితే మేలే!"

ఇంత తెలిసిన మనిషే మేలన్నాడు కదా, పాత బండికి అంతమాత్రం ఉంటుందిలే అనుకున్నాడు సుంకన్న. మోటారు బిగిసింది.

మర్నాడు పొద్దున సుంకన్న మలారం కట్టుకొని కనమ ఎక్కాడు. ఇక్కడ ఓబులేసు గంజి ముందర కూర్చున్నాడు. ఆయన భార్య లింగమ్మ బిందె దించుతుంటే చేతి గాజు అంచుకు తగిలింది.

"అయ్యో, గాజు పెరిగె!"

ఓబులేసు చెయ్యి నోటి దగ్గరే ఆగిపోయింది. "ఏమన్నావే?"

"పెరిగిందయ్యా! ఇంకో మాట నా నోట అనిపిస్తావా ఏంది?"

గంజి అక్కడే వదిలాడు. చెప్పులు కూడా వేసుకోలేదు. మేకలు ఎక్కే అడ్డదోవ పట్టి పరుగెత్తాడు. ముళ్ళు గుచ్చుకున్నాయి, ఆగలేదు. రాళ్ళు కోశాయి, ఆగలేదు. ఊపిరి అందలేదు, ఆగలేదు.

కనమ నెత్తిన సుంకన్న ఇంజను చల్లార్చుకొని, దిగుడుకు బండి వదలబోతున్నాడు. ఓబులేసు వెనకనుంచి కారియరు పట్టుకున్నాడు.

"దిగు! ఆ గొట్టం సంగతి చెప్పు. ఉన్న మాట చెప్పు."

"చెప్తి కదా మామా, పెరిగింది."

"ఆ మాట కాదు. ఇంకో మాట."

సుంకన్న నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "మలారం ముందర పెట్టుకొని ఆ మాట ఎట్లంటా? పాపం తగలదా?"

"పాపం నాది. నేను మోస్తా. చెప్పు!"

"ప... పగిలింది మామా."

ఓబులేసు మలారం దించి పక్కన పెట్టాడు. హ్యాండిలు పట్టుకొని గట్టిగా ఒక్క ఊపు ఊపాడు. గొట్టం రెండు ముక్కలయింది. సుంకన్న ఆ ముక్కలు చూశాడు, కింద దిగుడు చూశాడు.

ఆ రోజు మలారం ఓబులేసే తలకెత్తుకున్నాడు. మర్నాడు తన సొంత సైకిలుకు ఆ మోటారు బిగించి ఇచ్చాడు. "దీన్ని పుట్టినప్పటినుంచి ఎరుగుదును. ఎవరని అడిగే పని లేదు" అన్నాడు. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ ఆయన నడిచే తిరిగాడు.

ఓబులేసు పోయి ఎన్నో ఏళ్ళయింది. ఆ కనమ ఊళ్ళలో ఇప్పటికీ పాత సైకిలుకు మోటారు కట్టేముందు మూడు చోట్ల కొట్టి వింటారు. విన్నవాడు విన్నది విన్నట్టు చెప్పాలి. నోరు రాకపోతే ముందు "పాపం ఓబులేసుది" అంటాడు, ఆ తర్వాత చెప్తాడు. బండ్ల దగ్గరే కాదు. ఆస్పత్రికి పోయిన ఆడవాళ్ళు "కొంచెం నలతగా ఉంది" అని ఊరుకోరు. "పాపం ఓబులేసుది, కడుపులో గడ్డ ఉందమ్మా, రెండు నెలల నుంచి" అంటారు.

ఏమ్మా, ఏదో అడగాలనుకుంటున్నావు? ఇంతమంది పాపం మోస్తే ఆయన ఎక్కడికి పోయుంటాడనా? అది నాకు తెలియదు తల్లీ. ఆ ఊళ్ళలో ఉన్న మాట చెప్పినందుకు ఎవరికీ ఇంతవరకు పాపం తగల్లేదు. నాకు తెలిసింది అంతే.

సరే, లేవండి. అమ్మలు సంగటి దించే వేళయింది. వేడి మీద తినండి, పోండి.