ఆముదానికి అసలు చుట్టం

అనగనగా ఒక అడవి. అందులో ఏ చెట్టుకు ఏ చెట్టు చుట్టమో చెప్పే పెత్తనం ఒక ఊసరవెల్లిది. ఆ పెత్తనం అతనికి ఎవరిచ్చారని అడగకండి. ఎవరూ ఇవ్వలేదు. తనే పుచ్చుకున్నాడు.

ఆ అడవి అంచున, ఆముదపు చెట్ల మీద ఒక సీతాకోకచిలుక ఉండేది. ఇటుక రంగు రెక్కలు కాబట్టి అందరూ ఇటుకమ్మ అనేవారు. ఆమె పిల్లలకు ఆముదపాకే అన్నం. ఒక వానాకాలం ఆకులు తినే దాసరి పురుగుల దండు వచ్చి పడింది. నాలుగు రోజుల్లో చెట్లకు ఈనెలే మిగిలాయి. అప్పటికి ఇటుకమ్మ కడుపులో ఆరు గుడ్లున్నాయి.

ఆమె ఊసరవెల్లి దగ్గరకు వెళ్లింది.

"పెద్దయ్యా, ఆముదానికి దగ్గర చుట్టం ఎవరు? నా పిల్లల్ని వాళ్లింట పెట్టాలి."

"ఇదీ ఒక ప్రశ్నేనా? బొప్పాయి! ఆకు చూడు, చాచిన అరచెయ్యి. కాడ చూడు, గొట్టం. ఇద్దరూ అన్నదమ్ములు."

ఇటుకమ్మ బొప్పాయి ఆకు మీద వాలింది. సీతాకోకచిలుకలకు రుచి కాళ్లకే తెలుస్తుంది. కాళ్లు ఒప్పుకోలేదు. తిరిగి వచ్చి ఆ మాటే చెప్పింది.

"పెద్దల మాట వింటావా, నీ కాళ్ల మాట వింటావా? ఆడవాళ్లకు అన్నీ అనుమానాలే!" అని గదమాయించాడు ఊసరవెల్లి.

ఇటుకమ్మ పెద్దయ్య మాటే విన్నది. మూడు గుడ్లు బొప్పాయి మీద పెట్టింది. నాలుగో రోజు పిల్లలు బయటికొచ్చాయి. ఆకు కొరకబోయి వదిలేశాయి. మర్నాటికి మూడూ ఆకు మీదే ఎండిపోయాయి.

ఇటుకమ్మ ఏడ్చింది. అదే చెట్టు మొదట్లో ఒక ముసలి నత్త ఉంది.

"పెద్దమ్మా, అన్ని ఆకులూ రుచి చూసినదానివి. ఆముదానికి చుట్టమెవరో నీకైనా తెలుసా?"

"ఎలా తెలుసుకోవాలో తెలుసు. నన్నెవరూ అడగలేదు," అంది నత్త. "ఆకులో పచ్చటి నలుసులుంటాయి తల్లీ. వాటిలో ఒక రాత ఉంటుంది. అక్షరాలు నాలుగే, అవే మళ్లీ మళ్లీ వచ్చి రాత లక్ష అక్షరాల పైన సాగుతుంది. అమ్మ చెట్టు ఆ రాతను విత్తనంలో పెట్టి బిడ్డకిస్తుంది."

"మరి నాన్న?"

"పుప్పొడి ఇస్తాడు. చాలా మొక్కల్లో ఈ రాత మాత్రం అమ్మదే. తరతరానికీ తిరగరాసేటప్పుడు ఎప్పుడో ఒక అక్షరం మారుతుంది. రెండు మొక్కల రాతలు పక్కపక్కన పెట్టి చూడాలి. ఎంత తక్కువ తేడా ఉంటే అంత దగ్గర చుట్టాలు."

నత్త ఆముదం ఈనెను చదివింది. బొప్పాయిని చదివింది. పక్క పొద మీద పాకిన దురదగొండి తీగను చదివింది. పొద్దు వాలేదాకా చదివింది.

"బొప్పాయి చాలా దూరం. దాని వాళ్లు మునగ, ఆవ. ఆముదానికి దగ్గరిది ఈ దురదగొండే."

పైకొమ్మ మీద ఊసరవెల్లి పకపకా నవ్వాడు. "ఆ గయ్యాళా! ముట్టుకుంటే ఒళ్లంతా దద్దుర్లు. దానికీ ఆముదానికీ పోలికెక్కడ?"

"పూటకో రంగు మార్చేవాడివి, పైరూపు చూసి వంశాలు చెబుతావా నాయనా?" అంది నత్త.

ఇటుకమ్మ తీగ మీద వాలింది. నూగు గుచ్చుకుంది. కానీ ఈసారి కాళ్లు ఒప్పుకున్నాయి.

"పెట్టుకోమ్మా," అంది దురదగొండి. "నా నూగుకు భయపడి మేకలు కూడా ఇటు రావు."

మిగిలిన మూడు గుడ్లూ అక్కడే పెట్టింది. నాలుగో రోజు మూడు పిల్లలు పుట్టి, నూగు తప్పించుకుంటూ ఆకు అంచులు కరకరా తిన్నాయి.

ఊసరవెల్లి అటుగా వచ్చి చూశాడు. "దురదగొండేనని నేనెప్పుడో అనుకున్నాను," అన్నాడు.

"లేదు పెద్దయ్యా," అంది ఇటుకమ్మ. "మీరు బొప్పాయి అన్నారు. అక్కడ నా పిల్లలు ముగ్గురు చచ్చిపోయారు."

నీతి: గట్టిగా చెప్పినంత మాత్రాన నిజం కాదు. నీకెలా తెలిసిందని అడగాలి, చెప్పేది ఎంత పెద్దయ్య అయినా సరే.