మెరక రేవు ఎవరిది?

సారకొండ అడవిలో ఒక్కటే పెద్ద మడుగు. ఎండలు ముదిరాయంటే వాగులన్నీ ఇసుక మేటలైపోతాయి. కొమ్ములున్నవీ కోరలున్నవీ అన్నీ ఆ మడుగుకే రావాలి. దానికి రెండు రేవులు. తూర్పున మెరక రేవు. అక్కడ నీళ్ళు మోకాలి లోతు, అడుగున గులకరాళ్ళు కనిపిస్తుంటాయి. పడమట గట్టు రేవు. అంచు నిటారు, జారితే లోతు, ఆ లోతులో మొసలి.

మెరక రేవులో ఎప్పుడూ కూనలే తాగేవి. ఆ ఏడు అడవిపంది వరాలయ్య తన మందను తోలుకొచ్చి అక్కడ పొర్లడం మొదలుపెట్టాడు. బురద చల్లగా ఉంది, ఒడ్డున దుంపలు మెత్తగా ఉన్నాయి. ఇంకేం కావాలి?

"ఇకమీదట ఇది మా చోటు. మీ పిల్లల్ని గట్టు రేవుకు తీసుకుపొండి" అని కోరలు చూపించాడు. ఎదురు చెప్పే గుండె ఎవరికీ లేకపోయింది.

కూనలు గట్టు రేవుకు పోయాయి. ఒక పొద్దున దుప్పి లచ్చమ్మ కూతురు చుక్కి నీళ్ళకు వంగగానే మొసలి ముందుకాలు పట్టేసింది. లచ్చమ్మ దూకి, గిట్టలతో దాని కళ్ళ మీద తన్ని, బిడ్డను లాక్కుంది. ప్రాణం దక్కింది గానీ కాలు కుంటుబడింది.

ఆ అడవిలో పసివాళ్ళ మేలు కోసం పాటుపడే చిన్న కూటమి ఒకటుంది. అందరూ దాన్ని కూనల పక్షం అనేవాళ్ళు. అడవిబర్రె సత్తెమ్మ దానికి పెద్ద. నెమ్మదస్తురాలు, పట్టిన పని వదలదు. మాటల బాధ్యత మాత్రం గోరింక పైడమ్మది. ఏ మాట చెప్పాలి, ఎవరి చెవిన వెయ్యాలి, ఎప్పుడు వెయ్యాలి, ఎక్కడ నోరు మూసుకోవాలి, ఇవన్నీ ఆమే చూసేది.

చుక్కి సంగతి తెలియగానే పక్షం కూడింది. పిలవకుండానే నక్క జంబయ్య కూడా వచ్చి కూర్చున్నాడు.

"సత్తెమ్మత్తా, ఆ పసిదాని కాలు చూసినప్పటినుంచీ నాకు కూడు సయించడం లేదు" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "ఒక మాట చెబుతాను వినండి. ఉత్త మాటలకు ఈ అడవిలో ఎవరు కదులుతారు? ఆ పిల్లను పొద పొదకూ తిప్పండి. గాయం చూపించండి. చూసినవాడు ఏడవకుండా ఉండడు. ఏడుపొస్తే పనైనట్టే."

"ఆ పిల్లను అడిగావా?" అంది పైడమ్మ.

"పసిదాన్ని అడిగేదేముంది వదినా?"

"కాలు ఆమెది కదా జంబయ్యా."

సత్తెమ్మ నిట్టూర్చింది. "నువ్వన్నది నిజమే పైడీ. కానీ ఎండలు చూశావుగా. రోజుకో కూన ఆ మొసలి ముందుకు పోతోంది. ఏదో ఒకటి చెయ్యాలి. ఇది చేసి చూద్దాం."

పెద్దదాని మాట. పైడమ్మ మనసొప్పకపోయినా ఊరుకుంది.

చుక్కిని తిప్పారు. ఎలుగుబంటి గుప్పెడు ఇప్పపువ్వు ఇచ్చింది. కొండముచ్చు చెట్టు మీదినుంచి పండు జారవిడిచింది. ముసలి కుందేలు వెక్కి వెక్కి ఏడ్చింది. అందరూ "అయ్యో పాపం" అన్నారు. రేవు ఊసు ఒక్కరూ ఎత్తలేదు.

వాళ్ళ వెనకాలే జంబయ్య తిరిగాడు. "పాపమే, కాదనను. కానీ పిల్ల నీళ్ళకు వంగితే తల్లి ఎటు చూస్తోందట? గట్టు రేవు మంచి రేవే. ఒళ్ళు దగ్గర పెట్టుకుని తాగితే ఏమవుతుంది?"

ఇంకేముంది, అడవి నోరు లచ్చమ్మ మీదికి తిరిగింది. "మేత మీద ఉన్న ధ్యాస బిడ్డ మీద లేకపోయె" అని ఒకరు, "కుంటిదాని తల్లి" అని ఇంకొకరు. పుండు మీద కారం చల్లినట్టయింది. చుక్కి కొరింద పొదలో దూరి, ఎవరు పిలిచినా బయటికి రానంది.

సాయంత్రం జంబయ్య వరాలయ్య పక్కన బురదలో కూర్చుని నవ్వాడు. "చూశారా దొరా? కాలు చూసి ఏడ్చినవాడికి రేవు గుర్తుండదు."

కొండముచ్చు ఆ మాట విని పైడమ్మ చెవిన వేసింది. పైడమ్మకు ఒళ్ళు మండింది. కానీ ఆమె జంబయ్య దగ్గరికి పోలేదు, కొరింద పొద దగ్గరికి పోయింది.

"చుక్కీ, నిన్ను బయటికి రమ్మనడానికి రాలేదే. తప్పు చేశాం, ఆ మాట చెప్పడానికి వచ్చాను. నిన్ను అడక్కుండా తిప్పాం."

పొదలోంచి చిన్న గొంతు వినిపించింది. "అందరూ నా కాలే చూశారు పిన్నీ."

"వాళ్ళకు ఏం చెప్పాలని ఉంది నీకు?"

"నాకు దాహంగా ఉందని. ఆ లోతు దగ్గరికి పోవాలంటే నాకే కాదు, కుందేలు పిల్లలకూ భయమే. మెరక మాది కదా. లోతు దగ్గర పెద్దవాళ్ళు తాగొచ్చు కదా."

పైడమ్మ రెక్కలు సర్దుకుంది. "నీ పేరు ఎత్తను, నీ కాలి సంగతి ఎత్తను. ఈ మాట ఒక్కటి నాకిస్తావా?"

"తీసుకో పిన్నీ."

మర్నాడు కూనల పక్షం ముందు పైడమ్మ తేల్చి చెప్పింది. "ఇకనుంచి ఏడుపులు వద్దు, తిట్లు వద్దు. మన నోట ఒక్కటే మాట. మెరక పిల్లలది, లోతు పెద్దలది. కూన పలికినా కుదరాలి, ఏనుగు పలికినా కుదరాలి."

ఆమె ఒక్కో గడపకూ ఒక్కో తీరుగా వెళ్ళింది. ఎలుగుబంటితో, "అక్కా, నీ కడుపులో ఉన్నది రేపు ఏ రేవులో తాగుతుంది?" అంది. పిల్లల్లేని ముసలి కుందేలుతో, "తాతా, నీ మోకాళ్ళు ఆ గట్టు దిగగలవా? పిల్లలకు మెరక దక్కితే నీకూ దక్కినట్టే" అంది. ముళ్ళపంది విసుక్కుంటే, "ఆ మొసలి మన కూనల్ని తిని బలిస్తే, రేపు నీ ముళ్ళు కూడా లెక్క చెయ్యదు మామా" అంది. వినేవాడిని బట్టి దారి మారింది గానీ, అన్ని దారులూ వచ్చి చేరింది ఆ ఒక్క మాట దగ్గరికే.

మాట పాకుతుంటే వరాలయ్యకు గుబులు పుట్టింది. ఒక మధ్యాహ్నం వచ్చి పైడమ్మ గూడున్న చెట్టును మొదట్లో కుమ్మాడు. గూటిలో పుల్లలు రాలాయి.

"నోరు మూస్తావా, చెట్టు కూల్చమంటావా?"

"కూలిస్తే ఇంకో చెట్టు మీదినుంచి చెబుతాను దొరా" అంది పైడమ్మ. గూడు కదిలింది గానీ గొంతు కదల్లేదు.

కోరలతో పని కాకపోయేసరికి జంబయ్య మళ్ళీ దండోరా ఎత్తుకున్నాడు. "గట్టు రేవు లాంటి రేవు ఇంకోటి లేదు! ఆ నీళ్ళు తేనె! మొసలి ముసలిదైపోయింది, పళ్ళన్నీ ఊడిపోయాయి! పిల్లలకు అంతకంటే మంచి చోటు ఎక్కడ దొరుకుతుంది?"

సత్తెమ్మ ఆదుర్దాగా వచ్చింది. "పైడీ, వాడి అబద్ధాలకు బదులు చెప్పవా? నమ్మేవాళ్ళు నమ్ముతున్నారే!"

"వాడి మాట మనం ఎత్తుకుంటే మన మాట కింద పడుతుంది సత్తెమ్మా. పొగడనివ్వు. ఎంత గట్టిగా పొగిడితే అంత మంచిది."

"నాకేం అర్థం కాలేదు."

"నిజం నిలకడ మీద తెలుస్తుంది. ఐరమ్మ పంచాయతీ పెట్టనీ."

ఐరమ్మ అంటే ఏనుగు. మందలన్నిటికీ పెద్ద దిక్కు. అడవి అంతా ఒకే మాట పలుకుతుంటే ఆమె మాత్రం ఎన్నాళ్ళు విననట్టు ఉంటుంది? మడుగు పక్కన బండ మీద అందరినీ కూర్చోబెట్టింది. వరాలయ్య తరఫున జంబయ్య లేచాడు.

"ఐరమ్మ తల్లీ, కూనలకు అన్యాయం జరిగిందనడం పచ్చి అబద్ధం. మా దొర వాళ్ళకు గట్టు రేవు వదిలాడంటే ఎంత పెద్ద మనసు! నీళ్ళు తేనె, గాలి చల్లన. మొసలి నోట్లో పన్ను లేదు."

పైడమ్మ కొమ్మ మీద ముందుకు జరిగింది. "జంబయ్యగారూ, వెనకవాళ్ళకు వినబడలేదట. ఇంకొక్కసారి చెబుతారా?"

జంబయ్య ఉబ్బిపోయి, ఇంకా గొంతెత్తి చెప్పాడు.

"అందరూ విన్నారు కదా?" అంది పైడమ్మ. "ఐరమ్మా, మాకు సిగ్గుగా ఉంది. తేనెలాంటి నీళ్ళున్న రేవు పిల్లకాయలకు వదిలేసి, వరాలయ్య దొర అంతటివాడు బురదలో పొర్లడమా? పెద్దలకు మంచిది దక్కాలి. దొరగారు ఈ రోజే గట్టు రేవుకు వెళ్ళాలి. బురద సంగతి మేం చూసుకుంటాం."

కొండముచ్చులు కిచకిచ నవ్వాయి. వరాలయ్య మెడ తిప్పి జంబయ్యను చూశాడు.

"ఏరా, నువ్వు చెప్పింది నిజమేనా?"

"నిజమే దొరా... అంటే..."

"అయితే ముందు నువ్వు తాగి రా."

"నాకిప్పుడు దాహం లేదు దొరా."

ఐరమ్మ తొండం ఊపింది. "పొద్దుటినుంచీ నువ్వే మాట్లాడుతున్నావు నాయనా. గొంతు ఎండి ఉంటుంది. పోయి తాగు."

అంతమంది ముందు కాదంటే అబద్ధమని ఒప్పుకున్నట్టే. జంబయ్య కాళ్ళీడ్చుకుంటూ గట్టు దిగాడు. మెడ చాచి, నాలుక కొనతో నీటిని తాకాడో లేదో, ఎదురుగా రెండు బుడగలు లేచాయి. జంబయ్య గిరుక్కున తిరిగాడు. నీళ్ళు బద్దలయ్యాయి. ఒక్క కేకతో గట్టెక్కి పడ్డాడు. తోక సగం మాత్రం ఆ పళ్ళు లేని నోట్లో ఉండిపోయింది.

"ఇక నేను చెప్పాల్సిందేమీ లేదు" అంది ఐరమ్మ. "వరాలయ్యా, నీ మందను తీసుకుని మెరక రేవు వదులు."

వరాలయ్య కోరలు ఎత్తాడు. అప్పుడు ఎలుగుబంటి లేచి నిలబడింది. ముళ్ళపంది ముళ్ళు విచ్చింది. ముసలి కుందేలు వణుకుతున్న కాళ్ళతోనే ముందుకొచ్చి, "మెరక పిల్లలది" అంది. చెట్ల మీదినుంచీ గట్టు మీదినుంచీ అదే మాట, ఎవరి గొంతులో వాళ్ళు. వరాలయ్య అటూ ఇటూ చూశాడు. కోరలు దించి, మందను తోలుకుని పోయాడు.

లచ్చమ్మ బిడ్డ వైపు చూసింది. ఎవరూ పిలవకుండానే చుక్కి నీళ్ళలోకి నడిచింది. వెనకాల కుందేలు పిల్లలు, లేళ్ళు, ఎలుగు కూనలు. తాగినంతసేపూ అడవిలో చప్పుడు లేదు. పైడమ్మ కొమ్మ మీద కూర్చుని చూసింది.

జంబయ్యను మాత్రం వరాలయ్య కొండ దాటేదాకా తరిమాడట. తోక ఏమైందని అక్కడివాళ్ళు అడిగితే, "ఎండాకాలం కదా, బరువని కత్తిరించుకున్నాను" అన్నాడట. ఆ మాట నమ్మినవాళ్ళు ఒక్కరూ లేరు.

నీతి: పసివాళ్ళ తరఫున నోరు విప్పాలనుకునేవాళ్ళు ముందు ఆ పసివాళ్ళ మాటకు చెవి ఒగ్గాలి.